కుర్చీ ఒక్కటే, కూర్చునేవాళ్ళు ఇద్దరు

ప్రశ్న: మాది తిరుపతి. మా తోడల్లుడు, బావమరదులు, వాళ్ళ స్నేహితులు డాలస్ చుట్టుపక్కల ఉంటారు. ఈ ఏడాది వాళ్ళ ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక మనిషి తగ్గాడని నన్ను లాగారు. మొత్తం 10 టీములు. ఒక్కో టీముకు 13 మంది, వాళ్ళలో ప్రతి వారం 9 మందిని ఆడించాలి, క్యాచ్‌కి 1 పాయింటు. 2025 ఆగస్టు 24 ఆదివారం పొద్దున్నే 6 గంటలకు డ్రాఫ్ట్ పెట్టారు, నాది ఎనిమిదో నంబరు. నేను వరసగా తీసుకున్నవాళ్ళు: నకువా, అమోన్‌రా సెయింట్ బ్రౌన్, లమార్ జాక్సన్, జేడెన్ డేనియల్స్, జేమ్స్ కానర్, హాకెన్‌సన్, టోనీ పోలార్డ్, డెన్వర్ డిఫెన్స్, క్రిస్ ఒలావే, ఆర్.జె. హార్వీ, జెర్రీ జూడీ, చివర్లో ఇద్దరు కిక్కర్లు. యాప్ నా టీముకు సి మైనస్ ఇచ్చింది. తోడల్లుడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, మా ఆవిడ కూడా నవ్వింది. ఆయన దగ్గర బిజాన్ రాబిన్సన్, బ్రీస్ హాల్, అల్విన్ కమారా ఉన్నారు, క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్. నా టీము నిజంగానే అంత దరిద్రంగా ఉందా?
- ఎస్., కొర్లగుంట, తిరుపతి

జవాబు: లేదు స్వామీ. టీము బాగానే ఉంది, కూర్చోబెట్టిన తీరే బాగాలేదు.

మెస్సీ ఆడే ఫుట్‌బాల్ అనుకుని చదువుతున్నవాళ్ళకు ఒక మాట. ఇది అమెరికా వాళ్ళది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఎన్ఎఫ్ఎల్ ఆట. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు (ఆ విసురే పాసు), రన్నింగ్ బ్యాక్ అంటే బంతి తీసుకుని పరిగెత్తేవాడు, కిక్కర్ అంటే తన్నేవాడు, డిఫెన్స్ అంటే ఒక జట్టులో ప్రత్యర్థిని అడ్డుకునే దండు మొత్తం. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. అందులోని ఆటగాళ్ళను మనలో మనం వంతులవారీగా పంచుకుని (దీన్నే డ్రాఫ్ట్ అంటారు), వాళ్ళు నిజం మ్యాచుల్లో చేసినదానికి మనం పాయింట్లు వేసుకుంటాం. 1962లో ఓక్‌లాండ్‌కు చెందిన బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన, మరి కొందరు కలిసి మొదలుపెట్టిన సరదా ఇది, ఇప్పుడు కొర్లగుంట దాకా వచ్చింది.

ముందు ఆ సి మైనస్ సంగతి తేల్చేద్దాం. యాప్ దగ్గర ఒక అంచనాల పట్టిక ఉంటుంది, మీరు దాన్ని ఎంత దగ్గరగా పాటించారన్నదే ఆ గ్రేడు. 2023లో ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త కుర్రాళ్ళను పంచుకునే అసలు డ్రాఫ్టులో నకువాను రామ్స్ జట్టు అయిదో రౌండులో 177వ వాడిగా తీసుకుంది. ఫ్యాంటసీ డ్రాఫ్టుల్లో అయితే చాలామంది అతని పేరే ఎత్తలేదు. ఆ కుర్రాడు మొదటి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ళ రికార్డులు రెండూ కొట్టేశాడు. 2024లో దానికి తిరగబడింది. చాలా డ్రాఫ్టుల్లో మొట్టమొదట తీసుకున్న క్రిస్టియన్ మెకాఫ్రీ గాయాలతో 4 మ్యాచులే ఆడాడు, అతన్ని నమ్ముకున్నవాళ్ళకు యాప్ అప్పుడు ఎంత మంచి గ్రేడు ఇచ్చిందో పాపం.

దామలచెరువు మామిడి మార్కెట్లో తెలిసినవాడు పైనున్న కాయల రంగు చూసి కుప్పకు ధర చెప్పడు, కిందికి చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి చూస్తాడు. మీ టీములో పై రెండు కాయలు మాత్రం అసలు సిసలు సరుకు. సెయింట్ బ్రౌన్ 2024 లెక్క మీ లీగ్ పద్ధతిలో ఒకసారి వేసి చూడండి: 115 క్యాచ్‌లకు 115 పాయింట్లు, 1,263 గజాలకు పదికి ఒకటి చొప్పున 126, 12 టచ్‌డౌన్లకు ఆరేసి చొప్పున 72, మొత్తం 313. అందులో మూడో వంతు పైచిలుకు కేవలం బంతి పట్టినందుకే. నకువా పోయినేడు మోకాలి దెబ్బతో 11 మ్యాచులే ఆడినా 79 క్యాచ్‌లు పట్టాడు, అంటే మ్యాచుకు ఏడు. క్యాచ్‌కి పాయింటు ఇచ్చే లీగ్‌లో ఈ ఇద్దరూ ఒకరి చేతిలోనే ఉండటం మామూలు విషయం కాదు, మీ తోడల్లుడికి ఇది తెలిసే ఉంటుంది, అందుకే స్క్రీన్‌షాట్ పెట్టాడేమో.

తప్పు జరిగింది నాలుగో రౌండులో. మూడో రౌండులో జాక్సన్ మంచి ఎంపికే, 2024లో 41 టచ్‌డౌన్ పాసులు వేసి 4 మాత్రమే ప్రత్యర్థి చేతికి ఇచ్చాడు, పైగా 915 గజాలు పరిగెత్తాడు. వెంటనే డేనియల్స్ కూడా మిగిలి ఉన్నాడని, వదిలేస్తే పాపం అన్నట్టు తీసేసుకున్నారు. వారానికి ఆడించేది ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే కదా, రెండోవాడు 30 పాయింట్లు కొట్టినా అవి బెంచి మీదే ఎండిపోతాయి. ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి, అన్నిటికీ ఒక క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు, మీ లీగ్ మొత్తానికి కావలసింది పదిమంది. అదే రన్నింగ్ బ్యాక్‌లు అయితే టీముకు ఇద్దరు చొప్పున 20 మంది, అదనపు స్థానంలో కూడా చాలామంది వాళ్ళనే దింపుతారు, కానీ బంతిని నమ్మకంగా ఒక్కడి చేతికే ఇచ్చే జట్లు రానురాను తగ్గిపోతున్నాయి. కరువు ఎక్కడుందో అక్కడ మీ దగ్గర సరుకు లేదు. కానర్ 2024లో 1,094 గజాలు పరిగెత్తాడు, కాదనను, కానీ వయసు 30, ఆ పనిలో అది ముదురు వయసే. పోలార్డ్ 1,079 గజాలతో నెట్టుకొచ్చాడు. హార్వీ కొత్త కుర్రాడు, అదే డెన్వర్‌లో జె.కె. డాబిన్స్ కూడా ఉన్నాడు కాబట్టి బంతి ఎవరికి ఎక్కువ ఇస్తారో నాలుగు వారాలు చూడందే తెలీదు.

అందుకని డేనియల్స్‌ని అమ్మేయండి, అదీ మీ తోడల్లుడికే. ఆయన గాఫ్ పోయినేడు 37 టచ్‌డౌన్ పాసులు వేశాడు, బాగా ఆడతాడు, కానీ కాళ్ళు కదపడు. డేనియల్స్ మొదటి సీజన్‌లోనే 891 గజాలు పరిగెత్తాడు. పాసు అయితే 25 గజాలకు ఒక పాయింటు, పరుగు అయితే 10 గజాలకే ఒకటి, కాబట్టి పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ అంటే ఒక టిక్కెట్టు మీద ఇద్దరు ప్రయాణించినట్టు. ఇది ఆయనకు మెల్లగా ఎక్కించి, బదులుగా ఆయన దగ్గరున్న రన్నింగ్ బ్యాక్ బ్రీస్ హాల్‌ని అడగండి. బిజాన్‌ని అడక్కండి, నవ్వుతాడు. కమారాని అంటగట్టాలని చూస్తాడు, ఆయనకూ 30 ఏళ్ళు, మీ ఇంట్లో ఇప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ బేరం గ్రూపులో పెట్టకండి, ఫోన్ చేసి మాట్లాడండి. అందరి ముందు సి మైనస్ అన్న మనిషి అందరి ముందు ఆ టీములోంచే కొనడు. జాక్సన్‌కు ఏడో వారం సెలవు, ఆ ఒక్క వారానికి ఎవడో ఒక క్వార్టర్‌బ్యాక్ ఖాళీగా దొరుకుతాడు.

ఇక ఎనిమిదో వారం. డెట్రాయిట్, రామ్స్, అరిజోనా మూడింటికీ అప్పుడే బై, అంటే సెలవు, ఆ వారం మీ నకువా, సెయింట్ బ్రౌన్, కానర్ ముగ్గురూ ఇంట్లో పడుకుంటారు. చాలామంది దీనికి టెన్షన్ పడి మంచి ఆటగాళ్ళను మార్చేసుకుంటారు, నేనైతే ముట్టుకోను. ఒక వారం చిత్తుగా ఓడిపోతే పోయింది ఒక్క మ్యాచే, ముగ్గురు మూడు వేర్వేరు వారాల్లో మానేస్తే మూడు వారాలూ కుంటి టీముతోనే ఆడాలి. హాల్‌కు తొమ్మిదో వారం, పోలార్డ్‌కు పదో వారం సెలవు, కాబట్టి బేరం కుదిరితే ఎనిమిదో వారం మరీ అంత చిత్తూ కాదు.

రెండో కిక్కర్ ఎందుకండీ? ఇవాళే వదిలేయండి. కానర్ వెనకాల ఉండే ట్రే బెన్సన్‌ని ఎవరూ తీసుకోకుంటే ఆ సీటు అతనికివ్వండి, పెద్దాయనకు ఏదైనా అయితే బంతి ముందు వెళ్ళేది అతని చేతికే. డెన్వర్ డిఫెన్స్ పోయినేడు 63 శాక్‌లతో (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడం) లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది, మంచిదే, ఎనిమిదో రౌండులో మాత్రం తొందరపడ్డారు. ఒలావే పోయినేడు తలకు దెబ్బలతో 8 మ్యాచులే ఆడాడు, ఆడినన్నాళ్ళూ ఆడించండి. హాకెన్‌సన్, జూడీ సరే.

నన్నడిగితే ఇప్పుడున్నట్టు బి, బేరం కుదిరితే ఏ. మీ ఆవిడకు చూపించండి.

ప్రశ్న: మా కజిన్స్ లీగ్‌లో మనిషికి వెయ్యి రూపాయలు పెడదామంటున్నారు. పెట్టొచ్చా? ఓడినవాళ్ళు అలిపిరి నుంచి మెట్లెక్కాలని కూడా రూలు పెట్టారు.
- కె., చిత్తూరు

జవాబు: డబ్బు మాట వద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఓడినవాడు అందరికీ బిర్యానీ పెట్టిస్తే చాలదా? ఇక మెట్లంటారా, 3,550 మెట్లు ఎక్కడం శిక్ష ఎట్లా అవుతుందండీ, మా వీధిలో నెలకోసారి ఎక్కే అవ్వ ఉంది, ఆమెకు మీ రూలు గురించి చెప్తే మిమ్మల్నే తిడుతుంది.

ప్రశ్న: ఆటగాళ్ళను ఎప్పటిలోపు మార్చుకోవాలి? మొన్న స్నేహితుడి లీగ్‌లో చూస్తే పొద్దున లేచేసరికి లాక్ అయిపోయింది.
- పేరు రాయలేదు, బైరాగిపట్టెడ

జవాబు: ఏ ఆటగాడు ఆ ఆటగాడి మ్యాచు మొదలవగానే లాక్ అవుతాడు. 2025 సీజన్ సెప్టెంబరు 4న ఫిలడెల్ఫియా, డాలస్ మ్యాచుతో మొదలు, అది మనకు శుక్రవారం తెల్లారి 5:50. ఆదివారం మొదటి వరస మ్యాచులు మనకు రాత్రి 10:30కి. నవంబరు 2న అమెరికా వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి 11:30. ఎవరు ఆడతారో ఆడరో అన్న చివరి జాబితా మ్యాచుకు గంటన్నర ముందు వస్తుంది, అంటే 10:30 మ్యాచులకైతే రాత్రి 9 గంటలకు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఒకసారి చూసుకుని పడుకోండి.