గీత గీసే ముందు రూటంతా నడువు

చి॥ అల్లుడికి,

220 కెవి (కిలోవోల్టుల) హైటెన్షన్ కరెంటు లైను రూటు సర్వే నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదట రెండు చివరలూ తేల్చుకో. సబ్‌స్టేషన్‌లో ఏ బే (లైను కలిపే చోటు) ఇస్తున్నారు, గాంట్రీ (తీగలు కట్టే ఇనుప చట్రం) ఎటు తిరిగి ఉంది, రేపు రాబోయే లైన్లకు దారి ఎటు వదలాలి అన్నవి ముందే తెలియాలి. సబ్‌స్టేషన్ పక్కన ఊరు పెరిగిపోయి ప్లాట్ల రాళ్లు పాతి ఉంటాయి. ఆ చివరి కిలోమీటరు కోసమే చాలాసార్లు రూటంతా మార్చాల్సి వస్తుంది.

మూడు రూట్లు గీసి పోల్చు. శాటిలైట్ చిత్రాలు వాడుకో, కానీ నడవకుండా యాంగిల్ పాయింటు (లైను మలుపు తిరిగే చోటు) ఖాయం చేయకు. చిత్రంలో బీడుగా కనిపించిన చోట ఈపాటికి వెంచర్ వేసి ఉండొచ్చు. బోరుబావి అందులో అసలు కనబడదు. తీగల కింద బోరు ఉంటే, రేపు మోటారు పైకి తీయడానికి పైపులు లేపినప్పుడు మనుషుల ప్రాణం మీదికొస్తుంది.

నీ బుర్రంతా యాంగిల్ పాయింట్ల మీద పెట్టు. మలుపు 2 డిగ్రీలు దాటితే తీగల లాగుడు తట్టుకునే టెన్షన్ టవరు కావాలి. మలుపు పెరిగేకొద్దీ స్టీలు, పునాది, ఖర్చు అన్నీ పెరుగుతాయి. తిన్నగా సాగే చోట తీగలను వేలాడదీసే సస్పెన్షన్ టవరును అదే గీత మీద కాస్త ముందుకో వెనక్కో జరపొచ్చు. స్పాన్లు (టవర్ల మధ్య దూరాలు) కుదిరి, బాగా సాగిన తీగకూ నేలకూ మధ్య కనీసం 7.015 మీటర్లు ఉంటే చాలు. యాంగిల్ టవరును గీత తప్పించి జరిపావంటే మాత్రం రెండు వైపులా లైను కదిలి కొత్త చేలలో పడుతుంది. అందుకే ఆ టవరు పడే రైతుతో మార్కింగ్‌కు ముందే మాట్లాడు.

రైతు మొదట అడిగేది "సారూ, కాళ్లు ఎక్కడ పడతాయి?" అనే. మ్యాపు తీయకు. చేలోకి దిగి నాలుగు కాళ్ల చోటా కర్రలు పాతించి చుట్టూ తాడు కట్టించు. అది చూశాక, కాస్త గట్టు వైపు జరిపితే ట్రాక్టరు తిరుగుతుందని ఆయనే చూపిస్తాడు. వీలైతే జరుపు, వీలుకాకపోతే ఎందుకు కాదో అక్కడే చెప్పు.

డబ్బు సంగతి దాచకు. కేంద్రం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు అడుగు భూమికి పరిహారం దాని విలువలో 85 శాతం, తీగల కింది కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం ఉండేది. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతం చేశారు. మన రాష్ట్రంలో ఇప్పుడు అమల్లో ఉన్న జీవో కాపీ దగ్గర పెట్టుకో. 220 కెవికి కారిడార్ 35 మీటర్లు, అందులో ఇల్లు కట్టకూడదు, ఎత్తుగా పెరిగే చెట్లు ఉంచకూడదు. ఆ నష్టం చిన్నది కాదని నువ్వే ముందు ఒప్పుకో. రైతు ఒప్పుకోకపోయినా లైను వేసే 2003 విద్యుత్ చట్టం 164 సెక్షన్ అధికారం మన సంస్థకు ఉంది కదా అని మొదటి రోజే ఆ మాట ఎత్తకు. ఎత్తితే ఆ ఊళ్లో ఇంకెవరూ నీతో మాట్లాడరు.

అడవి తగిలితే లైను కాస్త పొడవైనా చుట్టూ తిప్పు. తప్పదంటే అనుమతికి అన్నిటికన్నా ముందు పెట్టు. రైలు పట్టాలను వీలైనంత లంబకోణంలో దాటించు. నల్లరేగడిలో పునాది మారుతుంది కాబట్టి మట్టి పరీక్ష తొందరగా చేయించు. వాగుల దగ్గర వరద ఎంతవరకు వచ్చిందో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు.

ప్రొఫైల్ షీట్లు (రూటు వెంట నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) రాగానే నాకు పంపు, కూర్చుని చూస్తాను.

మీ మావయ్య