తోలు మందం అంటే తిట్టా, మెప్పా?

"నీకు తోలు మందం" అని ఆఫీసులో ఎవరో అన్నారట, అది తిట్టా మెప్పా అని ఒకరు నన్ను అడిగారు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వైపు అయితే తిట్టేనండి. ఎంత చెప్పినా చలనం లేనోడిని దున్నపోతు మీద వాన అంటాం కదా, అదే లెక్క.

కానీ నాకు ఆ మాట వింటే మా అమ్మ చేతులు గుర్తొస్తాయి. నాన్నకి పని లేని రోజుల్లో కొన్నేళ్లు పలాసలో ఉన్నాం, అమ్మ అక్కడ జీడిపిక్కలు కొట్టేది. ఆ పెంకులో నూనె ఉంటాది, ఒంటికి తగిలితే బొబ్బలే, చేతులకి బూడిద రాసుకుని కొట్టినా సరే వేళ్లు నల్లబడిపోయి తోలు ఊడేది, పోనుపోను చెప్పు అడుగులా గట్టిపడిపోయి పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకుండా దించేసేది. ఒకసారి మాత్రం అదే చేత్తో మర్చిపోయి కన్ను నలుపుకుంది, రెండ్రోజులు రెప్ప తెరవలేదు. అరచేతిలో పైపొర సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉంటే కనురెప్ప మీద 0.05 అంట, మరి మండదా. ఆ పని మానేశాక చేతులు మెత్తబడ్డాయి, అలవాటుగా గిన్నె పట్టుకుని అమ్మో అని వదిలేసింది, చారంతా నేలపాలు.

నా సంగతీ అంతే. బరంపురంలో సెల్ షాపులో చేరినప్పుడు నా ఒడియా విని తోటి కుర్రాళ్లు "తెలెంగా" (తెలుగోడా) అని వెక్కిరించేవారు, మొదటి నెల చెవులు కాలిపోయేవి, టిఫిన్ బాక్స్ అలాగే ఇంటికి తెచ్చేసేవాణ్ని, ఆరు నెలలకి నేనే నా యాసని ఇంకా సాగదీసి మాట్లాడి కస్టమర్లని నవ్వించి కవర్లు అమ్మేవాణ్ని. (మా ఊళ్లో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారికి క్వినైన్ వల్ల వినికిడి పోయింది కదా, వాడుక భాష కోసం పండితులతో అన్నేళ్లు వాదించడానికి అదీ కలిసొచ్చిందేమో అని మా మాస్టారు నవ్వేవారు, నాకేమో చెవులు బాగానే పనిచేస్తున్నాయి.)

సరే తోలు మందమైపోయింది అనుకున్నా. ఒకరోజు రోజూ రీచార్జికి వచ్చే ముసలాయన, ఎప్పుడూ బాబూ అనే పిలుస్తాడు, ఏదో అడిగితే నేను తడబడ్డాను, "పర్లేదు బాబూ, మాట వచ్చినోళ్లని పిలువు" అన్నాడు ఎంతో మెత్తగా. పిలిచాను. తర్వాత గోడౌన్‌లోకి పోయి ఖాళీ అట్టపెట్టెలు సర్దుతున్నట్టు చాలాసేపు అక్కడే కూర్చున్నాను.