టెక్ సందేహాలు: చలికాలం పడవ ప్రయాణానికి ఫోను, ట్యాబ్, రేడియో

అక్టోబరు చివరికి వచ్చేసరికి అమెరికా తూర్పు తీరంలో వందలాది సొంత పడవలు చలిని తప్పించుకోవడానికి దక్షిణం దారి పడతాయి. వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై, నదులు, కాలువలు, ఉప్పుటేర్లను కలుపుకుంటూ, తీరానికి లోపలివైపుగా ఫ్లోరిడాలోని మయామి దాకా సుమారు 1,090 మైళ్లు సాగే జలమార్గం ఉంది. పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. ఈ దారిలో ఇప్పుడు మనవాళ్లూ ఉన్నారు. ఈ వారం ప్రశ్నలన్నీ ఆ ప్రయాణం గురించే.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు తెరచాప పడవలో ఫ్లోరిడా వెళ్తున్నారు. ఓడల జాడ చూపించే వెబ్‌సైటులో రోజూ వాళ్ల పడవను చూసుకుంటున్నాం. నిన్నటి నుంచి అది జార్జియా రాష్ట్రంలోని సవానా నగరం దిగువన ఒకే చోట ఆగిపోయి కనిపిస్తోంది. ఫోను కలవడం లేదు. మా ఆవిడకు రాత్రంతా నిద్ర లేదు. ఏమనుకోవాలి?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ పడవ గుర్తు మీద నొక్కి, చివరి సమాచారం ఎప్పుడు అందిందో చూడండి. ఆ సమయం చాలాచోట్ల యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. అక్కడ 13:20 అని ఉంటే మనకు సాయంత్రం 6:50. ఆ సమయం నిన్నటిదైతే పడవ ఆగిపోయిందని కాదు, నిన్నటి తర్వాత దాని కబురు ఎవరికీ అందలేదని అర్థం. రెండింటికీ చాలా తేడా ఉంది. ఈ సంగతి అమ్మగారికి వెంటనే చెప్పండి.

మీరు చూస్తున్నది ఏఐఎస్ అనే వ్యవస్థ. పడవలోని చిన్న పెట్టె తన స్థానాన్ని వీహెచ్ఎఫ్ రేడియో ద్వారా ప్రసారం చేస్తుంది. సొంత పడవల్లో వాడే రకం కదులుతున్నప్పుడు దాదాపు 30 సెకన్లకోసారి, లంగరు వేసి ఉన్నప్పుడు 3 నిమిషాలకోసారి పంపుతుంది. దాన్ని అందుకొని ఇంటర్నెట్‌లోకి ఎక్కించేది ఒడ్డున ఎవరో పెట్టుకున్న రిసీవర్. దగ్గరలో రిసీవర్ లేకపోతే పడవ మ్యాపు మీద ఉన్నచోటే ఉండిపోతుంది. సవానా దాటాక జార్జియా తీరమంతా గడ్డి మొలిచిన చిత్తడి నేలలు, మెలికలు తిరిగే ఏర్లు. ఊళ్లు దూరం, సెల్ టవర్లూ దూరమే. బ్యాటరీ ఆదా కోసం లంగరు వేశాక ఆ పెట్టెను ఆపేసేవారూ ఉన్నారు.

మీ నిద్ర కోసం రెండు ఏర్పాట్లు చేయించండి. మొదటిది, ప్రతి ఉదయం బయలుదేరే ముందు ఒక సందేశం: ఈ రాత్రి ఎక్కడ ఆగుతాం, ఎన్ని గంటల్లోగా కబురు రాకపోతే మీరు కంగారు పడాలి అని. ఆ గడువు దాటితే అమెరికా కోస్ట్ గార్డ్‌కు ఏమి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి: పడవ పేరు, రంగు, పొడవు, ఎంతమంది ఉన్నారు. రెండోది, ఉపగ్రహ సందేశ పరికరం. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి చందా కడితే సెల్ సిగ్నల్ లేనిచోట కూడా స్థానాన్ని ఒక వెబ్ పేజీకి పంపుతూ ఉంటాయి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే గరిష్ఠంగా 8 గంటలే, అదీ ఇంటర్నెట్ ఉన్నంతసేపే. కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

ఒక గట్టి హెచ్చరిక. సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఉపగ్రహ పరికరాన్ని మాత్రం పెట్టెలో పెట్టుకొని రావద్దని మీ అమ్మాయికి చెప్పండి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి తేవడం నేరం. ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సంఘటనలు ఉన్నాయి.

ప్రశ్న: వచ్చే వారం నార్‌ఫోక్ నుంచి బయలుదేరుతున్నాం. పడవ నీటిలో అయిదున్నర అడుగులు మునుగుతుంది. వై-ఫై ఐప్యాడ్‌లో రెండు నావిగేషన్ యాప్‌లు వేసుకున్నాను. ఒకదానిలో దారి మొత్తం గులాబీ గీతగా కనిపిస్తోంది. దాని మీదే పోతే చాలా?
– చెసపీక్, వర్జీనియా

జవాబు: ముందు ఐప్యాడ్ సంగతి. వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. ఇంట్లో మ్యాపు తెరిస్తే మీ వీధినే చూపించేది చుట్టుపక్కల వై-ఫై రూటర్లను బట్టి వేసుకున్న లెక్క. ఏటి మధ్యలో రూటర్లు ఎక్కడివి? సిమ్ పట్టే రకంలో జీపీఎస్ ఉంటుంది, సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. లేదా బ్లూటూత్‌తో కలిసే విడి జీపీఎస్ రిసీవర్ కొనండి. చార్టులన్నీ (నీటిదారి మ్యాపులు) ముందే డౌన్‌లోడ్ చేసుకొని, ఇంటర్నెట్ పూర్తిగా కట్టేసి, కారులో ఒక చుట్టు తిరిగి పరీక్షించుకోండి.

ఇక గీత. దాన్ని మెజెంటా గీత అంటారు. చార్టులు తయారు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 2013లో దాన్ని తీసేయాలని చూసింది. గీత గీసిన తర్వాత కాలువ జరిగిపోయిన చోట్లు, ఇసుక మేట వేసిన చోట్లు ఎన్నో తేలాయి. పడవలవారు వద్దని పట్టుబట్టడంతో 2014లో సవరించి ఉంచుతామంది. అందువల్ల ఆ గీత దారి ఎటో చెబుతుంది. అక్కడ మీ పడవకు సరిపడా నీరుందని హామీ ఇవ్వదు. యాప్ తనంతట తాను గీసే ఆటోరూట్ విషయమూ అంతే.

ఈ మార్గాన్ని నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతుతో, అక్కడి నుంచి మయామి దాకా 10 అడుగుల లోతుతో నిర్వహించాలన్నది లక్ష్యం. పూడిక తీత వెనకబడిన చోట ఆ లోతు కాగితం మీదే ఉంటుంది. ఉత్తర కరోలినాలో సముద్రపు మొగలు కలిసే లాక్‌వుడ్స్ ఫాలీ, షాలోట్ లాంటి చోట్ల, జార్జియాలో హెల్ గేట్, లిటిల్ మడ్ నది, జెకిల్ క్రీక్ దగ్గర జాగ్రత్త. ఇలాంటి చోట్ల అక్కరకొచ్చేవి ఆర్మీ ఇంజినీర్ల దళం చేసే లోతుల సర్వేలు. ఆక్వా మ్యాప్ యాప్‌లో చందా కడితే అవి చార్టు మీదే రంగుల్లో పరుచుకుంటాయి. సర్వే తేదీ చూడండి. తాజా సర్వేకూ రెండేళ్ల నాటి సర్వేకూ మధ్య ఇసుక ఎంతైనా జరిగి ఉండవచ్చు.

చార్టులోని లోతు సగటున బాగా తగ్గిన నీటి మట్టం నుంచి లెక్కించింది. అంటే 4 అడుగులని ఉన్నచోట ఆ సమయానికి ఆటుపోటు పట్టికలో 5 అడుగులు ఉంటే మొత్తం 9 అడుగులు. మీ అయిదున్నరకు సరిపోతుంది. జార్జియాలో ఆటుకూ పోటుకూ తేడా 7 అడుగుల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కాబట్టి అక్కడ ఏ యాప్ కొన్నారన్నదానికంటే ఎన్ని గంటలకు వెళ్లారన్నదే ముఖ్యం. నీరు పోటెత్తుతున్నప్పుడు, సగం పెరిగాక వెళ్లండి. ఒకవేళ పడవ మెరకెక్కినా కాసేపట్లో నీరే లేపుతుంది. తగ్గుతున్నప్పుడు మెరకెక్కితే గంటల తరబడి పక్కకు వాలి కూర్చోవలసిందే.

లోతు చూపే పరికరంలో ఒక సెట్టింగు ఉంది: అది చూపేది నీటి పైమట్టం నుంచా, సెన్సార్ నుంచా, పడవ అడుగు నుంచా? రేవులోనే తాడుకు బరువు కట్టి దించి, కొలిచి, సరిపోల్చుకోండి. నా మాట అడిగితే, బయలుదేరే ముందు చేయవలసిన పనుల్లో దీనికి మించింది లేదు.

ప్రశ్న: మా తెరచాప స్తంభం 63 అడుగులు. దారిలో వంతెనలన్నీ 65 అడుగులని యాప్ చెబుతోంది. యాప్‌లో మా ఎత్తు కూడా నమోదు చేశాను. నిశ్చింతగా ఉండవచ్చా?
– యానాపోలిస్, మేరీలాండ్

జవాబు: ఆ 63 పడవ పుస్తకంలోదా, మీరు కొలిచిందా? పుస్తకంలో సాధారణంగా రేడియో యాంటెన్నా, దీపం, గాలి వేగం కొలిచే సాధనం ఉండవు. యాంటెన్నా ఒక్కటే మూడు అడుగులు ఉండవచ్చు. తెరచాపను ఎత్తే తాడుకు కొలత టేపు కట్టి పైదాకా లాగి, నీటి మట్టం వరకు కొలవండి. దానికి పైన ఉన్న సరంజామా కలపండి.

చార్టులోని వంతెన ఎత్తు సగటు పోటు మట్టం నుంచి లెక్కించింది. అందుకే నీరు తగ్గాక వెళ్తే అదనపు చోటు దొరుకుతుంది. లోతుకు పోటు కావాలి, ఎత్తుకు ఆటు కావాలి. ఉత్తర కరోలినాలోని విల్కర్సన్ వంతెన ఎత్తు 64 అడుగులే. అక్కడ చంద్రుడితో వచ్చే ఆటుపోట్లు దాదాపు లేవు. గాలి నీటిని తోసినదాన్ని బట్టి మట్టం మారుతుంది. ఆ సంగతి యాప్‌లోని పట్టికకు తెలియదు. వంతెన దగ్గర కొలబద్ద ఉంటే ఆ క్షణాన ఎంత చోటుందో అది చెబుతుంది, బైనాక్యులర్స్‌తో చదివి, ఆ అంకెనే నమ్మండి. మయామిలో జూలియా టటిల్ వంతెన ఎత్తు 56 అడుగులు. మీ పడవ దాని కింద పట్టదు. ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గరే సముద్రంలోకి వెళ్లి, మయామి రేవు దగ్గర లోపలికి రండి.

ప్రశ్న: ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. పడవ నుంచే పని చేస్తూ దక్షిణానికి వెళ్లాలనుకుంటున్నాం. స్టార్‌లింక్ మినీ చాలా? బ్యాటరీ ఎంత కావాలి?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇంటర్నెట్ చాలుతుంది. మినీ నేరుగా 12 వోల్టుల మీద నడుస్తుంది, సగటున 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. రోజుకు 10 గంటలంటే 300 వాట్-అవర్లు, 12 వోల్టుల బ్యాటరీలో 25 ఆంపియర్-అవర్లు. ఒక్కో ల్యాప్‌టాప్‌కు 50 వాట్ల చొప్పున 8 గంటలకు ఇద్దరివీ కలిపి 800, అంటే మరో 67. ఇంటర్నెట్, పని కలిపితే రోజుకు 90కి పైమాటే. ఫ్రిజ్, దీపాలు వేరు. సీసం బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి ఈ లెక్కకే 200 ఆంపియర్-అవర్లు కావాలి. ఇన్వర్టర్ పెట్టి మళ్లీ ల్యాప్‌టాప్ చార్జర్ తగిలిస్తే కొంత వృథా, 12 వోల్టుల నుంచి నడిచే యూఎస్‌బీ-సీ చార్జర్ తీసుకోండి. నార్‌ఫోక్ దిగువన ఉన్న డిస్మల్ స్వాంప్ కాలువ వెంట ఒడ్డు చెట్లు ఆకాశాన్ని కమ్మేస్తాయి, అక్కడ ముఖ్యమైన మీటింగులు పెట్టుకోవద్దు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అదే అసలైనది. మీ పడవ 6 నాట్ల వేగంతో వెళ్తే గంటకు సుమారు 7 మైళ్లు. (ఈ మార్గంలో దూరాలు నాటికల్ మైళ్లలో ఉండవు, మామూలు మైళ్లలో ఉంటాయి, యాప్‌లో మార్చుకోండి.) నవంబరు పగటి వెలుగులో రోజుకు 50 మైళ్లు సాగితే మంచి రోజు. మొత్తం దాదాపు 22 రోజులు చుక్కాని పట్టాలి. చుక్కాని పట్టిన మనిషి మీటింగులో ఉండకూడదు. ఇరుకు కాలువలో ఎదురుగా సరుకు పడవల వరుస వస్తుంది, కళ్లు తెర మీద ఉంటే కుదరదు. సెలవు పెట్టి ప్రయాణించండి, లేదా వారమంతా ఒకచోట ఆగి పని చేసి శని, ఆదివారాలు కదలండి.

ప్రశ్న: అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఏఐఎస్ చూపే యాప్ కూడా ఉంది. ఇంకా వీహెచ్ఎఫ్ రేడియో అవసరమా?
– షార్లెట్, ఉత్తర కరోలినా

జవాబు: తప్పకుండా. ఫోను ఒక్కరికే వెళ్తుంది. 16వ ఛానెల్‌లో పిలిస్తే కోస్ట్ గార్డ్‌తో పాటు పక్క మలుపులో ఉన్న పడవా వింటుంది, ముందు చేరేది తరచుగా ఆ పడవే. వంతెన తెరవమని అడగాలంటే వర్జీనియా, ఉత్తర కరోలినాల్లో 13వ ఛానెల్, దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడాల్లో 9వ ఛానెల్. యాప్‌లోని ఏఐఎస్ ఇంటర్నెట్ ద్వారా వస్తుంది, ఆలస్యంగా ఉండవచ్చు, మీ పడవను ఎవరికీ చూపించదు.

రేడియో మీద ఎర్రటి అత్యవసర మీట ఉంటుంది. అందులో మీ పడవను గుర్తుపట్టే ఎంఎంఎస్ఐ సంఖ్య నమోదు చేసి, జీపీఎస్ కలిపితేనే నొక్కగానే మీరెవరో, ఎక్కడున్నారో వెళ్తుంది. ఆ రెండూ చేయకుండా వదిలేసిన రేడియోలు చాలా ఉన్నాయి, మీదీ చూసుకోండి. ఫ్లోరిడా నుంచి బహమాస్ వెళ్లే ఆలోచన ఉంటే ఆ సంఖ్యను ఇప్పుడే రేడియో లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నుంచి లైసెన్సుతో పాటు తీసుకోండి. అమెరికా లోపల వాడటానికి పడవల యజమానుల సంఘం బోట్‌యూఎస్ ఇచ్చే సంఖ్య అంతర్జాతీయ జాబితాలోకి చేరదు. పైగా ఒకసారి నమోదు చేశాక చాలా రేడియోల్లో మార్చాలంటే తయారీదారు దగ్గరకే పంపాలి.