పెరుగన్నం తినే పిల్లికి గుండె పెద్దదైతే తిండే కారణమా?

చిన్నప్పటి నుంచీ పెరుగన్నం, ఉడికించిన చికెన్ మీదే పెరిగిన మీ పిల్లికి ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపించిందన్నారు. తిండి మారిస్తే తగ్గుతుందా అని అడిగారు. తగ్గొచ్చు, కానీ ఏ జబ్బో ముందు తేలాలి. ఎక్స్‌రేతో అది తేలదు, ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించండి.

గుండె గోడలు మందమైతే హెచ్‌సీఎం. పిల్లుల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో వంశపారంపర్యంగా వస్తుంది. తిండి మార్చినంత మాత్రాన పోదు. గోడలు పల్చబడి, గదులు సాగి, పంపింగ్ తగ్గితే డీసీఎం. మీ పిల్లి తిండిని బట్టి నా అనుమానం దీని మీదే.

దీనికి ఒక ముఖ్య కారణం టారిన్ అనే పోషకం లోపించడమని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్) పరిశోధకులు చూపించారు. పిల్లి ఒంట్లో టారిన్ తయారయ్యేది చాలా తక్కువ, పైగా పైత్యరసంతో కలిసి రోజూ కొంత బయటికి పోతుంది. అన్నంలో, పప్పులో అది దాదాపు లేదు. పాలు, పెరుగులో ఉన్నది చాలదు. చికెన్‌లో ఉంటుంది గానీ నీళ్లలో కరిగిపోతుంది. ముక్కలు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలా భాగం వాటితోనే పోతుంది. ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. బ్రెస్ట్ ముక్కల కంటే తొడ మాంసం, కోడి గుండెకాయ నయం. ఏది వండినా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా వండి, ఆ నీళ్లతోనే పెట్టండి. ఎండుచేపలు మానేయండి, ఉప్పు ఎక్కువ. కుక్కల ఫుడ్ పిల్లికి సరిపోదు.

డీసీఎం అని తేలితే సాధారణంగా ఇచ్చే మోతాదు 250 మిల్లీగ్రాముల టారిన్, రోజుకు రెండుసార్లు. మీ డాక్టరును అడిగే మొదలుపెట్టండి. టారిన్ రక్తపరీక్ష చేయించేట్టయితే మొదటి డోసుకు ముందే శాంపిల్ ఇవ్వాలి, తర్వాత ఇస్తే లోపం కనబడదు. టారిన్ తప్ప ఇంకేమీ కలవని 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి సగం పొడి తడి తిండిలో కలపండి. టారిన్ ఉంటుంది కదా అని ఎనర్జీ డ్రింకులు మాత్రం వద్దే వద్దు, కెఫీన్ పిల్లికి విషం.

ఆకలి, ఊపిరి రెండు మూడు వారాల్లో మెరుగవుతాయి. ఎకోలో మార్పు కనబడటానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. పిల్లి హుషారుగా ఉంది కదా అని ఈలోపు డాక్టరు రాసిన ఫ్యూరోసెమైడ్, పిమోబెండాన్ లాంటి గుండె జబ్బు మందులు ఆపేయకండి. తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే. కళ్లు కూడా చూపించండి. టారిన్ లోపంతో రెటీనా దెబ్బతింటే ఆ చూపు తిరిగిరాదు.

ప్యాకెట్ ఫుడ్‌కి మారేటప్పుడు లేబుల్ మీద పిల్లులకు సంపూర్ణ ఆహారమని ఉందో లేదో చూడండి. పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ ఆఫ్కో (AAFCO) లెక్కన టారిన్ పొడి ఫుడ్‌లో కనీసం 0.1 శాతం, తడి ఫుడ్‌లో తేమ తీసేసిన లెక్కన 0.2 శాతం ఉండాలి. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చండి. ఒక్కసారిగా మారిస్తే ముట్టదు, రోజంతా తినకపోతే లివర్‌కే ముప్పు.

నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ లెక్కపెట్టండి. మళ్లీమళ్లీ 30 దాటుతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. నోరు తెరిచి రొప్పుతున్నా, వెనక కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడి చల్లబడినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.