బానెట్ కింద శుభ్రత, డ్యాష్‌బోర్డు మీద ఫోను

ప్రశ్న: మాది 2014 నాటి పెట్రోలు కారు. బానెట్ ఎత్తితే అంతా దుమ్ము, జిడ్డు. మా వీధి చివరి వాషింగ్ షెడ్డువారు ప్రెషర్ నీటితో కడిగి, పైన డీజిలు కొట్టి కొత్తదానిలా చేస్తామంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండూ వద్దు. డీజిలు కొట్టిన రోజు ఇంజను నిగనిగలాడుతుంది గానీ, ఆ జిడ్డు పొరకు రోడ్డు దుమ్మంతా అతుక్కుని, కొద్ది రోజుల్లోనే మునుపటికంటే మందంగా పేరుకుంటుంది. పైగా పెట్రోలియం పదార్థాలు తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజనును పట్టి ఉంచే మౌంట్లలో, కొన్ని గొట్టాలలో ఉండేది అటువంటి రబ్బరే. కాలుతున్న ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవాన్ని చల్లడంలోని ప్రమాదం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ప్రెషర్ నీరు. ఇంజను చుట్టూ ఉండే ఎలక్ట్రికల్ కనెక్టర్లకు రబ్బరు సీళ్లు ఉంటాయన్నది నిజమే అయినా, అవి వాన తుంపరను ఆపడానికే తప్ప దగ్గరగా పట్టి కొట్టే ధారను తట్టుకోవడానికి కాదు. అందులోనూ ఇన్నేళ్లు వేడికి మగ్గిన సీళ్లు గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటాయి. నీరు స్పార్క్ ప్లగ్గుల గుంటలలో నిలిచిపోతే ఇంజను అదరడం, చెక్ ఇంజన్ దీపం వెలగడం మొదలవుతుంది. అప్పుడు ఆ ప్లగ్గులకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మార్చాలంటూ ఎవరైనా బిల్లు వేసినా, కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, తుడవడానికి ముందుగా టార్చి వేసి నిదానంగా చూడండి. నా దృష్టిలో ఈ శుభ్రత వలన కలిగే అసలు లాభం ఇదే. మెరుపు దాని తరువాతి మాట. పొడి దుమ్ము అంతటా ఒకే తీరుగా ఉండి, వాల్వు కవరు (ఇంజను పైమూత) అంచు వెంట మాత్రం నల్లగా తడిసి కనిపిస్తే అక్కడ ఆయిలు బయటికి రాకుండా వేసే గ్యాస్కెట్ పట్టీ నుంచి ఆయిలు చెమరుస్తున్నదని అర్థం. రేడియేటరు గొట్టం క్లిప్పు దగ్గర తెల్లగానో, పచ్చగానో, గులాబీ రంగులోనో పొరలా ఎండిన మరక ఉంటే కూలెంటు కారుతున్నట్టు. ఇటువంటి చోట్లను తుడిచే ముందు ఫోటో తీసి పెట్టుకుంటే, నెల తరువాత మళ్ళీ చూసినప్పుడు లీకు పాతదో, ఇంకా సాగుతున్నదో తేలిపోతుంది. షెడ్డులో కడిగించుకున్న బండిలో ఈ ఆనవాళ్లన్నీ నీళ్ళలో కొట్టుకుపోతాయి. పాత కారు కొనేటప్పుడు ఇంజను మరీ తళతళలాడుతుంటే అనుమానించమని మెకానిక్కులు చెప్పేది అందుకే.

తరువాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరుకు, ఫ్యూజు బాక్సుకు, గాలి పీల్చే గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచులు చుట్టండి. మెత్తటి బ్రష్షుతో పొడి దుమ్మును రాల్చి, బ్లోయరుతో ఊదేస్తే సగం పని అయిపోతుంది. జిడ్డున్న చోట మాత్రం నీటితో కలిసే రకం డిగ్రీజరును బ్రష్షుకు పట్టించి రుద్ది, అది ఎండిపోకముందే తడిగుడ్డతో తుడిచేయాలి. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకునే తెల్లటి, నీలపు చిలుముకు వంట సోడా కలిపిన నీరు చాలు. సెల్ మూతల లోపలికి మాత్రం అది దిగకూడదు. శుభ్రం చేసిన టెర్మినల్‌ను బిగించాక పైన పలచగా పెట్రోలియం జెల్లీ రాయండి. మెరుపు కోసం అమ్మే సిలికాన్ స్ప్రేలు ప్లాస్టిక్ కవర్ల మీద వాడుకోవచ్చు గాని, పొరపాటున కూడా బెల్టుకు తగలనివ్వకండి. బెల్టు జారి కీచుమంటుంది.

ప్రశ్న: అదనంగా హారన్లు, ఫాగ్ ల్యాంపులు, కెమెరా పెట్టించాను. ఇప్పుడు బ్యాటరీ చుట్టూ వైర్లు గజిబిజిగా వేలాడుతున్నాయి. అన్నిటినీ నల్ల టేపుతో కలిపి చుట్టేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చూపుకు సరిపోతుంది, వేసవి వచ్చేదాకా. ఇళ్ళలో వాడే నల్లటి పీవీసీ టేపు జిగురు ఇంజను వేడికి కరిగి కారుతుంది, చుట్టు ఊడి వేలాడుతుంది. కార్ల కంపెనీలు వాడే గుడ్డ రకం హార్నెస్ టేపు తెచ్చుకోండి. వైర్లను ముడతల ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, దాని మీద ఈ టేపు చుట్టించండి.

అయితే చుట్టే ముందు ఒక్కొక్క వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో పట్టుకుని చూడండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా తీసుకున్న ప్రతి వైరుకూ బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు ల్యాంపు దగ్గర ఉంటే, దానికీ బ్యాటరీకీ మధ్య వైరు రేకు అంచుకు ఒరుసుకుని షార్టయినప్పుడు ఆపేది ఏదీ ఉండదు, వైరే కాలుతుంది. హారన్లకూ ల్యాంపులకూ రిలే (మీటల మీద భారం పడకుండా ఎక్కువ కరెంటును నడిపే స్విచ్చు) తప్పనిసరి. రేకులోని రంధ్రం గుండా పోయే చోట రబ్బరు వాషరు వేయించండి. వైరును ఎగ్జాస్ట్ వైపు పోనివ్వకండి, ఇంజనుకు కట్టే వైరును బిగలాగి కట్టకండి. యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా ఇంజను తన మౌంట్ల మీద ఊగుతుంది కనుక కొంచెం వదులు కావాలి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లున్నవారికి ఒక మాట: నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. వాటిని సర్దడానికి కూడా చేయి పెట్టకండి.

ప్రశ్న: పాత ఫోను కారులో పెడితే పది నిమిషాలకే వేడెక్కి తెర మసకబారుతోంది. దారి చూసుకోవడానికి, కారు ఫోటోలు తీసుకోవడానికి కొత్తది కొనాలి. ప్రాసెసరు ఏది మంచిది?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాడువారికి వేడి గురించి నేను చెప్పేదేముంది! మీ అవసరానికి ప్రాసెసరు కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఐఫోన్లను 35 డిగ్రీలకు మించిన వాతావరణంలో వాడవద్దని, 45 డిగ్రీలు దాటే చోట ఉంచవద్దని ఆపిల్ సంస్థే చెబుతుంది; ఎండలో నిలిపిన కారు లోపల అంతకు మించిన వేడి ఉండడం మామూలే. కనుక ఎంత ఖరీదైన ఫోనైనా అద్దం కింద స్టాండులో పెడితే మసకబారుతుంది. స్టాండును ఏసీ గాలి వచ్చే చోటికి మార్చి చూడండి, బహుశా పాత ఫోనే ఇంకో ఏడాది నడుస్తుంది.

కొనక తప్పదనుకుంటే, ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలనూ అందుకునే జీపీఎస్ ఉన్నదో లేదో చూడండి. హైదరాబాదులో ఎత్తయిన భవనాల మధ్య సిగ్నలు గోడలకు తగిలి తిరిగివచ్చినప్పుడు, ఒకే ఫ్రీక్వెన్సీ ఫోను మిమ్మల్ని పక్క రోడ్డులో చూపిస్తుంది. రెండున్నది ఆ తప్పును చాలావరకు సవరించుకుంటుంది. జీపీఎస్‌లాగా దారి చూపే మన దేశపు నావిక్ ఉపగ్రహాలు కూడా ఎల్5 మీద ప్రసారం చేస్తాయి. ఫోనులోని మ్యాపును కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటోను వైరు లేకుండా వాడాలంటే ఫోనుకు 5 గిగాహెర్ట్జ్ వైఫై అవసరం, కానీ వైఫై, జీపీఎస్, ఛార్జింగ్ ఒకేసారి నడవడమే వేడికి పెద్ద కారణం. మీ ఎండలకు కేబులే మేలని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా అడగండి; గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ ఎస్24 వరుసల నుంచి ఆ రెండు కంపెనీలూ తమ పెద్ద ఫోన్లకు 7 ఏళ్లు ఇస్తామన్నాయి. కెమెరాకు చేతి వణుకును సవరించే ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉంటే బానెట్ కింది మసక వెలుతురులో ఫోటో చెదరదు. అయితే ఆ ఫోనును మోటారు సైకిలు హ్యాండిలుకు బిగించకండి. ఆ ప్రకంపనలకు కెమెరా చెడిపోవచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది.

ప్రశ్న: కారు లోపాల కోడ్లు చదవడానికి ఓబీడీ పోర్టులో (డ్యాష్‌బోర్డు కింద ఉండే సాకెట్టులో) పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం నా ఆండ్రాయిడ్ ఫోనుతో బాగా పనిచేసేది. ఐఫోను కొన్నాక అది జత కావడం లేదు. ఫోను లోపమా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లోపం కాదమ్మా. చవకగా దొరికే ఈఎల్‌ఎం327 రకం పరికరాలలో ఎక్కువ భాగం పాత తరహా క్లాసిక్ బ్లూటూత్‌తో పనిచేస్తాయి. ఐఫోను యాప్‌లు అటువంటి పరికరాలతో మాట్లాడలేవు. వాటికి బ్లూటూత్ లో ఎనర్జీ రకంగానీ, వైఫై రకంగానీ కావాలి. కొనే ముందు పెట్టె మీద ఐఫోనుకు పనిచేస్తుందని రాసి ఉన్నదేమో చూసుకోండి. ఏది వాడినా, కోడ్లు చదవడం పూర్తికాగానే పోర్టు నుంచి తీసేయండి. ఇగ్నిషన్ ఆపినా ఆ పోర్టుకు బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, కారు కొన్నాళ్లు కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది.