ఊరికి ఏదైనా చేయాలని ఉంది, ఇంట్లో మాత్రం వద్దంటున్నారు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. పిల్లలిద్దరూ బెంగళూరులో స్థిరపడ్డారు. మా అత్తగారికి 82, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు మంచం మీదే ఉంటారు. మావారు పోయినేడు రిటైరయ్యారు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఊరికి ఏదైనా చేయాలని నా మనసు పీకుతోంది. పాత బట్టలు ఇచ్చాను, అన్నదానాలకు చందాలు కట్టాను, తృప్తి కలగలేదు. సేవా సంఘంలో చేరతానంటే మావారు ‘ముందు ఇంట్లో ముసలామెను చూడు, ఊరి సంగతి తర్వాత’ అంటారు. మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తానేమోనని నాకూ భయమే. ఏం చేయమంటారు?

జవాబు: మీవారి మాటలో కోపం కంటే దిగులు ఎక్కువగా కనిపిస్తోందమ్మా. సంఘం అనగానే ఆయనకు మీరు పొద్దంతా ఇంట్లో లేని రోజు కళ్ల ముందు మెదిలి ఉంటుంది. అమ్మకు మాత్రలు ఎవరివ్వాలి, బాత్రూముకు చేయి పట్టుకుని ఎవరు తీసుకెళ్లాలి? అందుకే ‘సేవ చేస్తాను’ అని అడగకండి. ఏ పని, ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు, నెలకు ఎంత ఖర్చు అన్నది కాగితం మీద రాసి ముందు పెట్టండి. అందులో ఆయనకూ ఒక పని ఉండాలి. రిటైరైన మొదటి ఏడాది మగవాళ్లకు పొద్దు గడవడం కష్టం.

మీ ఇంటి పరిస్థితికి గడప దాటకుండా చేసే పనే సరిపోతుంది. ఎండాకాలమైతే చలివేంద్రంతో మొదలుపెట్టండి. ఒక మనిషి తాగేది సుమారు పావు లీటరు అనుకుంటే 20 లీటర్ల కుండ 80 మందికి వస్తుంది. కుళాయి బిగించిన కుండలు రెండు కొనండి. ఇప్పుడు చాలామంది సీసా పట్టుకునే తిరుగుతారు కాబట్టి కుళాయి ఉంటే సులువు, కుండలో ఎవరి చేయీ పడదు. గొలుసు కట్టిన గ్లాసు మాత్రం పెట్టకండి, దానివల్ల జబ్బులు పాకుతాయి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లతో నానబెట్టి, ఆ నీళ్లు పారబోశాకే వాడాలి. నీడలో, తడి ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. రోజూ ఖాళీ చేసి కొబ్బరి పీచుతో రుద్దండి. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. ఉప్పు బోరునీళ్లు పోస్తే కుండకు తెల్లటి పొర కడుతుంది, సన్నటి రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు చల్లబడవు. అందుకని ఫిల్టరు నీళ్లే పోయండి. కుళాయి కింద నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి, ఆ నీళ్లు ఒక మొక్క పాదులోకి పోయేలా చూడండి. మజ్జిగ ఇవ్వాలనిపిస్తే లీటరు పెరుగుకు నాలుగైదు లీటర్ల నీళ్లు, కొంచెం ఉప్పు. రెండు మూడు గంటల్లో అయిపోయేంతే కలపండి, ఎండకు త్వరగా పులుస్తుంది.

చలివేంద్రాలు చాలావరకు ఏప్రిల్‌లో ఘనంగా మొదలై, ఎండ మండిపోయే మే నడుముకు ఖాళీ కుండలుగా మిగులుతాయి. నీళ్లు పోసేది ఒక్కరే కావడమే కారణం. గంగమ్మ జాతరకు చుట్టాలొస్తారు, లేదా మీరు పిల్లల దగ్గరికి బెంగళూరు వెళ్తారు, అంతే, కుండ ఎండుతుంది. పొద్దున ఏడింటికి నింపడం, పదకొండింటికి మళ్లీ చూడడం మీవారికి అప్పగించండి. మీరిద్దరూ లేని రోజులకు పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

జూన్‌లో బడులు తెరిచాక మీ వీధిలోనే నలుగురు పిల్లలకు చదవడం నేర్పండి. నలుగురంటే నలుగురే. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా, వారానికి నాలుగు రోజులు, వసారాలో, తలుపు తెరిచి. ముందుగా వాళ్ల అమ్మలతో మీరే మాట్లాడండి. మొదటి రోజు రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. ఐదో తరగతి పిల్లలు కూడా ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర ఆగిపోవచ్చు. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడినుంచే మొదలుపెట్టండి, తరగతి చూడకండి. పావుగంట ఒకరి తర్వాత ఒకరు పైకి చదవాలి, పావుగంట ఒత్తులున్న పది మాటలు చెప్పి రాయించాలి, మిగతా పావుగంట కథ. ఆ కథ మీ అత్తగారి చేత చెప్పించండి. కుర్చీలో కూర్చోగలిగితే చాలు, ఆమెకూ సాయంత్రం కోసం ఎదురుచూసే పని దొరుకుతుంది. మీవారి అభ్యంతరానికి దీనికంటే మంచి జవాబు నాకు తోచడం లేదు.

హోంవర్కు చేసిపెట్టే పని పెట్టుకోకండి. పెట్టుకుంటే సమయమంతా దానికే పోతుంది, చదవడం రాకుండానే ఉండిపోతుంది. తినుబండారాలు పెట్టి పిలవకండి, పెట్టని రోజు రారు. ఎవరైనా వరసగా మానేస్తే తిట్టకుండా ఇంటికి వెళ్లి అడగండి. చిన్న చెల్లిని చూసుకోవాల్సి వచ్చి ఆగిపోయే ఆడపిల్లలు ఉంటారు. ఆ చెల్లినీ వెంట తెచ్చుకోమనండి.

రక్తదానం సంగతి. బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకపోతే మీరు ఇవ్వవచ్చు, ఆడవాళ్లు 120 రోజులకోసారి. మీవారు 60 దాటి, ఇంతవరకు ఎప్పుడూ ఇవ్వకపోతే ఇప్పుడు మొదలుపెట్టడం కుదరదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు రాయలసీమ అంతటి నుంచీ రోగులు వస్తారు. వేసవిలో కాలేజీలకు సెలవులు కావడంతో శిబిరాలు తగ్గి కొరత పడుతుంది, ఇచ్చేదేదో అప్పుడు ఇవ్వండి. తిరుమలలో శ్రీవారి సేవ మంచిదే, 2000 నుంచి సాగుతోంది. అయితే రోజుల తరబడి కొండమీద ఉండాలి, అత్తగారిని చూసే మనిషి దొరికినప్పుడే వెళ్లండి.

మీవారికి నవంబరులో ఇంకో పని ఉంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు తాము బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిన నెల అది. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. వీధిలో కదల్లేని పెద్దవాళ్లకు ఆయన సాయం చేయవచ్చు. ఓటీపీ మాత్రం వాళ్లచేతే కొట్టించాలి, ఏటీఎం కార్డు, పిన్ నంబరు ఆయన చేతికి తీసుకోకూడదు. రేపు ఎక్కడైనా డబ్బు తేడా వస్తే మంచిచేసిన మనిషి మీదే అనుమానం వస్తుంది.

ఇక మధ్యలో వదిలేస్తానన్న భయం. ఎప్పటికీ చేస్తానని ఎవరికీ మాటివ్వకండి. ‘దసరా సెలవుల దాకా’ అని పిల్లలకు చెప్పండి, అప్పుడు ఓపికుంటే సంక్రాంతి దాకా పొడిగించండి. అత్తగారికి ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు రావద్దని మధ్యాహ్నానికే కబురు పంపండి. ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో, ఏ అక్షరాల దగ్గర తడబడుతున్నారో ఒక నోటుబుక్కులో పిల్లకో పేజీ చొప్పున రాస్తూ ఉండండి. నిజంగానే ఆపాల్సి వస్తే వారం ముందు చెప్పి, వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఎవరైనా ఉంటే ఆ పుస్తకం ఆమెకు ఇవ్వండి.