కాగితం చిరగకుండా కుట్టాలంటే ముందు చిల్లులు పెట్టుకోండి

రాయగడ నుంచి రాసినావిడకి: ఒడియా క్యాలెండర్, తెలుగు పేపరు ముక్కలు అతికించి వాటిమీద కుడుతుంటే కుట్టు వెంబడే చిరిగిపోతోందన్నారు కదా, తప్పు మీ చేతిది కాదండీ. గుడ్డలో సూది దిగితే పోగులు పక్కకి జరిగి మళ్లీ దగ్గరికొస్తాయి, కాగితంలో పడిన చిల్లు మాత్రం అలాగే ఉండిపోతుంది, మరీ దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్ల అంచులా ఊడొస్తుంది. కుట్టుకీ కుట్టుకీ 4, 5 మిల్లీమీటర్లైనా వదలండి.

మేం పర్లాకిమిడిలో చేసేది ఏమిటంటే, పాత నూలు చీర ముక్కమీద పల్చగా మైదా జిగురు రాసి, కాగితాలు అతికించి, బరువైన పుస్తకాల కింద ఒక రోజంతా, వానాకాలమైతే రెండు రోజులు ఆరనిస్తాం. తడి ఉండగా మాత్రం సూది ముట్టుకోవద్దు. తర్వాత థర్మాకోల్ ముక్కమీద పెట్టి, వట్టి సూదితో చిల్లులన్నీ ముందే పొడిచేసుకోండి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు పోగులు చాలు. దారం నిలువుగా లాగండి, పక్కకి లాగితే చిల్లు సాగుతుంది.

ఏం కుట్టాలో తోచట్లేదన్నారు. పేపరు హెడ్డింగుల్లో ఒడియా అక్షరాల నెత్తిన గుండ్రంగా గొడుగు ఉంటుంది చూడండి, దాని వెంట ఎర్రదారం నడిపించండి, పక్కనే తెలుగు తలకట్టుకి పసుపుది, నాకైతే ఆ రెండూ పక్కపక్కన చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! చిరిగినదాన్ని పారేయకండి, పైన ఇంకో ముక్క అతికించి, ఒడిశాలోని పిపిలి ఊరి చాందువా అనే అతుకుల పనిలో గుడ్డమీద గుడ్డ కుట్టినట్టు, అంచులు పట్టి కుట్టేయండి.